కొండ బొమ్మ తీసేసి బోరు పేరు రాద్దాం: విజయవాడ, గుంటూరు వాటర్ ప్లాంట్ల యజమానులకు బహిరంగ లేఖ

నమస్కారమండీ.

నేను గవర్నర్‌పేటలో డిజైన్ పని చేసుకునే మనిషిని. శుభలేఖలు, కరపత్రాలు, ఫ్లెక్సీలు చేస్తుంటాను, వాటితో పాటు పదిహేనేళ్లుగా మీ నీళ్ల సీసాలకీ టిన్నులకీ లేబుళ్లు. విజయవాడలో, గుంటూరులో, మధ్యలో మంగళగిరి, తెనాలి వైపు మీలో చాలామంది నా సిస్టమ్ ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నవాళ్లే. ఆ చనువుతోనే రాస్తున్నాను. ఇందులో ఎవరి పేరూ ఉండదు, ఎవరి వ్యాపారమూ చెడగొట్టాలని లేదు. కానీ ఒక మాట ఏడాదిగా గొంతులో అడ్డం పడి ఉంది, అది మీకు చెప్పకపోతే ఇంకెవరికీ చెప్పి లాభం లేదు.

మీరు వచ్చినప్పుడు చెప్పే మ్యాటర్ దాదాపు ఒకటే ఉంటుంది. వెనకాల మంచు కొండ ఉండాలి, దాని మీంచి సెలయేరు దిగాలి, నీలం బాగా కొట్టాలి, ముందు ఒక నీటి చుక్క పడి చుట్టూ అలలు లేవాలి. పైన పేరు, పేరు కింద "సహజమైన ఊటనీరు" లాంటి మాట ఒకటి. అడుగున కనీకనపడని అక్షరాల్లో ప్యాకేజ్డ్ డ్రింకింగ్ వాటర్ అని, లైసెన్సు నంబరు, అడ్రసు. ఆ కొండ ఎక్కడిదో నాకు తెలీదండీ. ఇంటర్నెట్లో వెతికి దించుకున్నదే. కింద అడ్రసు మాత్రం ఆటోనగర్ పక్క వీధిదో, గొల్లపూడి దాటాక ఉన్న షెడ్డుదో, పేరేచర్ల రోడ్డుదో అయి ఉంటుంది. పదిహేనేళ్లు ఆ కొండనీ ఈ అడ్రసునీ ఒకే లేబుల్ మీద పక్కపక్కన పెట్టాను. అందులో నా తప్పు కూడా ఉంది, కాబట్టి ఈ లేఖలో "మీరు" అన్న ప్రతిచోటా నన్ను కూడా కలుపుకునే చదవండి.

పోయిన వేసవిలో ఒక ప్లాంటుకి వెళ్లాను. టిన్ను మూతికి వేసే స్లీవ్ కొలత సరిపోవట్లేదని ఆ యజమాని రమ్మన్నారు. మంచి మనిషి, మజ్జిగ ఇచ్చి ప్లాంటంతా తిప్పి చూపించారు. లీటరు నీళ్లలో ఎన్ని మిల్లీగ్రాముల లవణాలు కరిగి ఉన్నాయో చెప్పే టీడీఎస్ మీటర్ బోరు నీళ్లలో పెడితే 1,140. ఇసుక ఫిల్టరు, కార్బన్ ఫిల్టరు, ఆ తర్వాత ఉప్పుని ఆపే ఆర్వో మెంబ్రేన్లు, చివర్లో క్రిముల్ని చంపే యూవీ, ఓజోన్, అవతల కొళాయి కింద అదే మీటర్ పెడితే 45. లోపల అంతా శుభ్రంగానే ఉంది, దానికి వంక పెట్టను. షెడ్డు వెనక్కి వెళ్లేసరికి గోడలోంచి ఒక పైపు బయటికొచ్చి సైడు కాలవలోకి ధారగా పోస్తోంది, మేం అక్కడ నిలబడి మాట్లాడుకున్న పావుగంటలో ఆ ధార ఒక్కసారి కూడా తగ్గలేదు. ఇదేంటండీ అంటే, "రిజెక్ట్ వాటరండీ, సగం అలాగే పోద్ది, ఏం చేస్తాం" అన్నారు. దాచాలని కూడా అనుకోలేదు ఆయన. పక్క వీధిలో అదే సమయానికి ట్యాంకర్ కోసం బిందెలు వరసలో పెట్టి ఉన్నాయి.

ఆ రాత్రి కూర్చుని ఆయన లేబుల్ పూర్తి చెయ్యాలి. "కొండల ఒడిలో పుట్టిన ఊటనీరు" అని టైపు చేశాను. తర్వాత చెయ్యి ముందుకి సాగలేదు. నాకు ఊట అంటే ఏంటో తెలుసు కాబట్టి సాగలేదు.

మా అమ్మ పుట్టిల్లు బాపట్ల దాటాక సముద్రం వైపు ఇసుక నేలల్లో ఉంటుంది. అక్కడ దొరువులుంటాయి. ఇసుకలో నాలుగైదు అడుగులు తవ్వితే తియ్యటి నీళ్లు ఊరతాయి, చిన్నప్పుడు సెలవలకి వెళ్తే తెల్లారకముందే అమ్మమ్మతో కలిసి కడవ పట్టుకుని వెళ్లేవాళ్లం. ముంచుకున్నాక కాసేపు ఆగాలి, మళ్లీ ఊరాక ఇంకొకరు ముంచుకోవాలి. ఇంకా లోతుగా తవ్వితే ఎక్కువ నీళ్లొస్తాయి కదా అని నేనంటే, లోతుకి పోతే ఉప్పు తగుల్తుందిరా, దొరువు చెడిపోద్ది అని కోప్పడేది. ఆవిడ బడికి వెళ్లలేదు. తర్వాత ఎప్పుడో చదివితే తెలిసింది, సముద్ర తీరంలో మంచినీళ్లు ఉప్పునీళ్ల మీద పొరలా తేలి ఉంటాయట, సముద్ర మట్టానికి పైన ఒక అడుగు మంచినీళ్లుంటే కింద దాదాపు 40 అడుగుల మంచినీటిని అది నిలబెడుతుందట, పైన ఆ ఒక్క అడుగూ తోడేస్తే కింద నుంచి ఉప్పు అంత మేరా పైకి వస్తుంది. బాపట్లలో వ్యవసాయ శాస్త్రవేత్తలు అభివృద్ధి చేసిన దొరువు పద్ధతి కూడా ఇదే సూత్రం మీద నడుస్తుంది, బావి నుంచి ఇసుకలోకి అడ్డంగా పైపులు పరిచి, లోతుకి పోకుండా పైపొర నీళ్లని మాత్రమే మీగడలా తీసుకుంటారు. ఊరినంత మటుకే తీసుకోవాలన్న నియమం ఆ ఊళ్లో ఏ బోర్డు మీదా రాసి లేదు, అందరికీ తెలుసు అంతే.

కొండ ఊట చూడాలంటే మహానందికి వెళ్లండి. మీలో చాలామంది వెళ్లే ఉంటారు. నల్లమల పాదాల దగ్గర, గుడి కోనేట్లోకి ఏడాది పొడుగునా నీళ్లు వస్తూనే ఉంటాయి, అడుగున పడ్డ రూపాయి బిళ్ల పైకి స్పష్టంగా కనపడుతుంది, నిండినది నిండినట్టే బయటికి పారి పొలాలకి వెళ్తుంది. చలికాలం పొద్దున దిగితే గోరువెచ్చగా, ఎండాకాలం దిగితే చల్లగా ఉంటుంది. మహిమ అనుకున్నా తప్పులేదు గానీ, భూమి లోపల ఉన్న నీటి వేడి ఏడాదంతా పెద్దగా మారదు, మారేది బయటి గాలి. వాన కొండ మీద పడి, ఆకుల కుళ్లులోంచి, వేళ్ల సందుల్లోంచి, మెత్తబడిన రాతిలోంచి మెల్లగా దిగుతూ, ఎక్కడో గట్టి రాయో బంకమట్టి పొరో అడ్డం తగిలితే పక్కకి జరిగి కొండ వాలులో బయటపడుతుంది. ఆ ప్రయాణానికి నెలలు పట్టొచ్చు, కొన్నిచోట్ల ఏళ్లు పట్టొచ్చు. దారిలో రాయి నుంచి కాల్షియం, మెగ్నీషియం కొంచెం కొంచెం కలుపుకుంటుంది, ఆ నీటి రుచి ఆ రాతి రుచే. అందుకే రెండు ఊటల రుచి ఒక్కటిగా ఉండదు.

ఇక్కడ ఒక మాట పక్కకి వెళ్లి చెప్పాలి. పేరేచర్ల వైపు బస్సులో వెళ్తుంటే క్వారీలు కనపడతాయి, మన చుట్టుపక్కల ఎన్నో కొండల్ని గ్రావెల్ కోసం ఒక పక్క నుంచి కొరుక్కుంటూ వస్తున్నారు. కొండ నీళ్లని దాచుకునే పాత్ర. పాత్రకి కన్నం పెట్టి ఊట కోసం ఎదురుచూడలేం. నీతి ఆయోగ్ 2018లో హిమాలయ ఊటల మీద ఇచ్చిన నివేదికలో, ఏడాదంతా పారే ఊటల్లో దాదాపు సగం ఎండిపోవడమో, వానాకాలానికి మాత్రమే పరిమితం కావడమో జరిగిందని రాశారు. మంచు కొండల కిందే ఆ పరిస్థితి. మన లేబుల్ మీది కొండకి మాత్రం ఏనాడూ నీళ్లు తగ్గలేదు.

ఇప్పుడు లెక్క చూద్దాం, మీరంతా వ్యాపారం చేసేవాళ్లు, లెక్క చెబితే తొందరగా అర్థమవుతుంది. ఊట ఎంత ఇస్తుందో ఆగస్టులో కొలవకూడదు, మే నెలలో కొలవాలి, బకెట్టూ గడియారమూ చాలు. ఎండాకాలంలో నిమిషానికి 20 లీటర్లు వచ్చే ఊట ఉందనుకుందాం, అంటే నిమిషానికి మీ టిన్ను ఒకటి. రోజుకి 28,800 లీటర్లు, 1,440 టిన్నులు. కానీ ఆ నీళ్ల మీద కింద ఊరు బతుకుతుంది, గొడ్లు బతుకుతాయి, వాగు బతుకుతుంది, వాగులో చేప బతుకుతుంది. వాటన్నిటికీ వదిలి నాలుగో వంతు తీసుకున్నారనుకుంటే రోజుకి 360 టిన్నులు. మీలో మధ్యరకం ప్లాంటు వేసవిలో ఒక పూటలో అంత అమ్మేస్తుంది. విజయవాడ జనాభా పది లక్షలు ఏనాడో దాటింది, మనిషికి తాగడానికి రెండు లీటర్లు వేసుకుంటే 20 లక్షల లీటర్లు, అలాంటి ఊటలు దాదాపు 70, అదీ కింద ఊళ్లకి చుక్క వదలకుండా లాక్కుంటే. అన్ని ఊటలు మన చుట్టుపక్కల ఏ కొండకీ లేవు. ఉత్తరాదిలో కొండల దగ్గర నింపిన సీసాలు ఇక్కడి షాపుల్లోకి వస్తున్నాయి, అవి 2,000 కిలోమీటర్ల దూరం లారీలో కూర్చుని వచ్చిన నీళ్లు. లీటరు అంటే కిలో బరువు. ఆ డీజిలు ఎవరి ఖాతాలో వేద్దాం?

అంటే ఊటనీళ్లు నింపి అమ్మడమే తప్పని నేను అనడం లేదు. నిజంగా ఊట ఉన్నవాడు, దాన్ని కాపాడుకుంటూ, ఇచ్చినంతలో కొంచెమే తీసుకుని, అక్కడే నింపి, దగ్గర ఊళ్లకి అమ్ముకుంటే అది గౌరవమైన వ్యాపారం. దానికి వేరే ప్రమాణమే ఉంది. మీకు తెలిసిందే, కానీ ఈ లేఖ చదివే మామూలు జనానికి కూడా తెలియాలి. ఐఎస్ఐ గుర్తున్న సీసా మీద ఐఎస్ 13428 అని ఉంటే అది సహజ మినరల్ వాటర్. ఐఎస్ 14543 అని ఉంటే శుద్ధి చేసిన నీళ్లు, అది బోరువైనా కాలవవైనా కావచ్చు. మన వైపు అందరం "మినరల్ వాటర్ టిన్ను" అంటామే, అందులో ఉన్నది ఆ మినరల్ వాటర్ కాదు, మినరల్స్ తీసేసిన వాటర్. ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థా, ప్రపంచ ఆరోగ్య సంస్థా కలిసి నడిపే ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్‌లో సహజ మినరల్ వాటర్‌కి 1981 నుంచి ఒక ప్రమాణం ఉంది. ఊట పేరూ, అది ఉన్న చోటూ లేబుల్ మీద రాయాలి. నీళ్లు పుట్టిన చోటుకి దగ్గర్లోనే నింపాలి, ట్యాంకర్లలో వేరే చోటుకి తరలించి నింపకూడదు. సహజంగా ఉన్న ఖనిజాల్ని మార్చకూడదు, ఇనుము లాంటివి గాలి తగిలించో వడకట్టో తియ్యొచ్చు అంతే. ఇంకో వాక్యం ఉంది, అది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఆ నీళ్ల స్వభావం గురించి, పుట్టుక గురించి జనాన్ని తికమక పెట్టే మాట గానీ బొమ్మ గానీ లేబుల్ మీద వాడకూడదట. బొమ్మ గానీ! నేను బతుకుతున్నదే ఆ బొమ్మల మీద.

ఫ్రాన్స్‌లో విట్టెల్ అనే ఊరుంది, అక్కడి ఊటనీళ్లు ప్రపంచమంతా అమ్ముడయ్యాయి. 1980ల్లో ఆ నీళ్లలో నైట్రేట్ పెరగడం మొదలైంది, కారణం పైన పొలాల్లో చల్లే ఎరువులు, పశువుల పేడ. కంపెనీ కావాలంటే ఇంకో మిషను పెట్టుకోవచ్చు అనుకుంటాం, కానీ పెడితే అది సహజ మినరల్ వాటర్ అవ్వదు. అందుకని రైతులతో కూర్చున్నారు. మొక్కజొన్న మానేసి, రసాయనాలు మానేసి గడ్డి పెంచితే వచ్చే నష్టాన్ని భరిస్తామని 18 ఏళ్లకీ 30 ఏళ్లకీ ఒప్పందాలు రాసుకున్నారు. గుంటూరు చుట్టూ మిరప చేలకి ఎంత ఎరువు పడుతుందో, ఎన్నిసార్లు మందు కొడతారో మనకి తెలుసు, అదంతా కిందకే దిగుతుంది, మీ బోర్లు ఉన్నదీ అక్కడే. మనవైపు ఏ ప్లాంటు యజమానైనా పక్క చేను రైతుతో ఈ మాట మాట్లాడిన సంగతి నేను వినలేదు, ఉంటే చెప్పండి, వచ్చి నమస్కారం పెడతాను. ఆ విట్టెల్ కథ అక్కడితో పూర్తి కాలేదు మళ్లీ. లోతు పొరలో నీటిమట్టం తగ్గుతూ వచ్చింది, ఊరి జనానికి బయట నుంచి పైపులైనేసి నీళ్లు తెద్దామనే ప్రతిపాదన వరకూ వెళ్లింది, జనం ఒప్పుకోలేదు. ఆ సీసాల కంపెనీ నెస్లే, సహజ మినరల్ వాటర్‌కి వాడకూడని యూవీ, కార్బన్ ఫిల్టర్లు తన నీళ్లకి వాడానని 2024లో ఒప్పుకుంది, అదే ఏడాది 20 లక్షల యూరోల జరిమానా కట్టింది. ఊట ఉన్నవాళ్ల పరిస్థితే అది. మన దక్షిణాదిలో చూస్తే, కేరళలో ప్లాచిమడలో 2000లో మొదలైన కోకా కోలా ప్లాంటు, బావులు పాడయ్యాయని ఊరి ఆడవాళ్లు కూర్చుని చేసిన పోరాటంతో 2004లో మూతపడింది. నీళ్లు ఎంత తీస్తున్నారన్న ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు గేటు దగ్గరికి వస్తుంది.

మీ మీద నాకు కోపం లేదని మళ్లీ చెప్తున్నాను. జనం మీ దగ్గరికి ఊరికే రాలేదు. 2018 మార్చిలో గుంటూరు పాతబస్తీలో కొళాయి నీళ్ల వల్ల డయేరియా వచ్చి ప్రాణాలు పోయాయి, ఆ భయం గుంటూరులో ఏ ఇంట్లో అడిగినా ఇంకా ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ మునిగినప్పుడు మా చెల్లెలి కుటుంబం మొదటి అంతస్తులో రెండు రోజులు ఉండిపోయింది. మెడలోతు నీళ్లు చుట్టూ, తాగడానికి గ్లాసు లేదు. పడవల్లో, డ్రోన్లతో వాటర్ బాటిళ్లు అందాయి. నీళ్లు తగ్గాక మొదట వచ్చింది వాళ్ల వీధి చివర ప్లాంటాయనే, తన మిషన్లు బురదలో ఉండగానే వేరే ప్లాంటు నుంచి టిన్నులు తెప్పించి డబ్బులు తీసుకోకుండా పంచాడు. ఆ మనిషి లేబుల్ మీద కూడా మంచు కొండే ఉంది. నాకు బాధేంటంటే, అలాంటి మనిషికి ఆ కొండ అవసరం ఏముంది?

కృష్ణ మన పక్కనే పారుతోంది. బ్యారేజీకి ఎగువ నుంచి తీసుకున్న నీళ్లే మా కొళాయికి వస్తాయి, మీటర్ పెడితే మా ఇంట్లో 290 చూపించింది. మనం తాగే నీళ్ల ప్రమాణంలో టీడీఎస్ 500 వరకూ మంచిదే. చిన్నప్పుడు కాలవ నీళ్లు ఎర్రగా వస్తే చిల్లగింజ అరగదీసి కుండలో కలిపేవాళ్లు, తెల్లారేసరికి మడ్డి అడుక్కి దిగి పైన తేటపడేవి, వాటిని కాచి వడపోసుకుని తాగాం. కొళాయి నీళ్లకి కావలసింది సరైన క్లోరినూ, పగలని పైపూ, అది కార్పొరేషన్ వాళ్ల పని, వాళ్లకి వేరే లేఖ రాస్తాను. టీడీఎస్ 500 లోపున్న నీళ్లకి ఆర్వో పెట్టొద్దనీ, పెట్టిన చోట కనీసం 60 శాతం నీళ్లు దక్కాలనీ, తర్వాత దాన్ని 75కి పెంచాలనీ జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే చెప్పింది. మీలో కొందరు కొళాయి నీళ్లనే ఆర్వోలో పోసి సగం కాలవలోకి వదిలి మిగతా సగం అమ్ముతున్నారని మీలోనే కొందరు నాకు చెప్పారు.

ఆ వదిలే నీళ్ల గురించి కాస్త నిదానంగా మాట్లాడుకోవాలి. బోరు నీళ్లు 1,140 ఉండి సగం మంచినీళ్లుగా తీస్తే, రెండో సగంలో ఉప్పు దాదాపు రెట్టింపవుతుంది. కాలవలోకి పోయేది అదే. దాన్ని ఇంకుడుగుంటలోకి మళ్లించి "రీఛార్జ్ చేస్తున్నాం" అని బోర్డు పెట్టినవాళ్లు ఉన్నారు, దయచేసి ఆ పని చెయ్యకండి, ఆ ఉప్పు మీ బోరులోకే, పక్కింటి బోరులోకే తిరిగొస్తుంది. ఆ నీళ్లతో టిన్నుల్ని పైపైన మొదటిసారి కడగొచ్చు, నేల కడగొచ్చు, మరుగుదొడ్లకి పైపు వెయ్యొచ్చు, మీ ట్రాలీ ఆటోలు కడుక్కోవచ్చు. ఇంకించాల్సింది పైకప్పు మీద పడే వాన. దానికీ హద్దుంది. మీ షెడ్డు 240 గజాలు అనుకోండి, అంటే 200 చదరపు మీటర్లు. మన వైపు ఏడాదికి దాదాపు మీటరు వాన పడుతుంది, వృథా పోను లక్షా అరవై వేల లీటర్లు భూమిలోకి పంపొచ్చు. రోజుకి పది వేల లీటర్లు తోడే ప్లాంటైతే అది 16 రోజుల్లో అయిపోతుంది. మిగతా 349 రోజులు తోడేది ఊరందరిదీ. ఇంకుడుగుంట తప్పకుండా తవ్వించండి, కానీ అది చూపించి "తీసినంతా తిరిగి ఇస్తున్నాం" అని లేబుల్ మీద వెయ్యమని మాత్రం నన్ను అడగకండి. మొన్న ఒకరు అడిగారు. వెయ్యనన్నాను.

ప్లాస్టిక్ సంగతి కూడా చెప్పాలి. పెళ్లి భోజనాల్లో విస్తరి విస్తరికీ పావులీటరు బుడ్డి సీసా పెట్టడం మర్యాద అయిపోయింది. రెండు గుక్కలు తాగి వదిలేస్తారు. పోయిన మాఘంలో బంధువుల పెళ్లిలో వడ్డన అయ్యాక మేం నలుగురం కూర్చుని సగం సీసాలన్నీ బకెట్లలోకి వంచాం, పదకొండు బకెట్లు నిండాయి. 2024లో అమెరికాలో కొలంబియా యూనివర్సిటీ వాళ్లు చేసిన పరీక్షలో లీటరు సీసా నీళ్లలో సగటున రెండు లక్షల నలభై వేల ప్లాస్టిక్ రేణువులు లెక్కపెట్టారు, వాటిలో చాలా భాగం మామూలు సూక్ష్మదర్శినికి కూడా అందనంత చిన్నవి. మన బెజవాడ మే నెల ఎండలో టాప్ లేని ఆటోలో పగలంతా తిరిగే టిన్ను గురించి ఎవరూ పరీక్ష చెయ్యక్కర్లేదు, చెయ్యి పెట్టి చూస్తే చాలు, కాలుతుంది. కనీసం ఒక టార్పాలిన్ కప్పండి. గీతలు పడి పాలిపోయి, అడుగున పచ్చగా పాచి కనపడే టిన్నులు ఇంకా తిప్పుతున్నారు, అవి ఎన్నేళ్లవో వేసేవాడికీ తెలీదు.

ఖాళీ సీసా తిరిగి ఇవ్వడం మనకి ఎవరో నేర్పాల్సిన పని కాదు. గోలీ సోడా తాగి సీసా కొట్టువాడికి ఇచ్చేసే వచ్చేవాళ్లం, ఆ సీసా ఎన్ని వందలసార్లు తిరిగేదో. తిరుమల కొండ మీద ప్లాస్టిక్ సీసాలు ఆపేసి గాజు సీసాలు పెట్టారు, ఖాళీది తిరిగిస్తే డిపాజిట్ చేతిలో పెడతారు. అంత రద్దీలో అది నడుస్తుంటే మన కల్యాణ మండపాల్లో ఎందుకు నడవదు? చలివేంద్రంలో కొత్త కుండకి తడిగుడ్డ చుట్టి, వట్టివేళ్లు వేసి, పందిరి కింద ఇసుకలో పెట్టి గ్లాసుతో పోసేవాళ్లు. ఇప్పుడు చలివేంద్రం పక్కన పాలిథిన్ ప్యాకెట్ల గుట్ట ఉంటోంది. మీరే వేసవిలో ధర్మానికి ఇస్తున్నారు ఆ నీళ్లు, అదే నీళ్లు కుండలో పోసి ఇవ్వండి.

ఇదంతా విని మీలో ఒకాయన ఫోన్లో, "బోరు నీళ్లని రాస్తే ఎవడు కొంటాడు గురూ" అన్నారు. ఆయన అడిగిన దాంట్లో న్యాయం ఉంది కాబట్టి నాకు తెలిసిన జవాబు చెప్తాను. మన ఊళ్లలో ఒకప్పుడు నీళ్లకి పేర్లు ఉండేవి. ఫలానా బావి నీళ్లకి పప్పు తొందరగా ఉడుకుతుందని, ఫలానా బావి నీళ్లు చవిటి అని, తాగడానికి ఇది, స్నానానికి అది అని ఇంటి ఆడవాళ్లకి మ్యాపు మొత్తం నోటికి ఉండేది. బావి పేరు తెలిసినప్పుడు ఆ బావి పక్కన ఎవరైనా చెత్త వేస్తే ఊరంతా మీద పడేవాళ్లు. టిన్ను వచ్చాక ఆ తెలివి పోయింది, ఎందుకంటే ఆ నీళ్లు ఎక్కడివో ఎవరూ చెప్పలేదు. బోరు అని రాస్తే కొనడం మానరండీ, ఏ బోరో, దాని పక్కన ఏముందో అడగడం మొదలుపెడతారు. అడగనివ్వండి. మీలో శుభ్రంగా చేస్తున్నవాళ్లకి దానివల్ల మేలే. 2024 చివర్లో కేంద్ర ఆహార భద్రత సంస్థ ఈ నీళ్లని ఎక్కువ జాగ్రత్త అవసరమైన ఆహారాల జాబితాలో చేర్చింది, తనిఖీలు ఎలాగూ పెరుగుతాయి, ఎవరో వచ్చి రాయించేలోపు మనమే రాస్తే మర్యాదగా ఉంటుంది.

నేనైతే ఈ నెల నుంచి కొండ బొమ్మ వెయ్యడం ఆపేశాను. ఊటా, సెలయేరూ, జలపాతమూ కూడా వెయ్యను, నిజంగా ఊట దగ్గర నింపేవాళ్లు వస్తే తప్ప. ఇద్దరు పార్టీలు వేరే షాపుకి వెళ్లిపోయారు, వాళ్లని తప్పు పట్టను. ఎవరైతే కొత్త లేబుల్ వేయించుకుంటామని వస్తారో, మొదటి పది ప్లాంట్లకి డిజైన్ డబ్బులు తీసుకోను, ప్రింటింగ్ ఖర్చు మీది. తెల్ల కాగితం మీద నల్ల అక్షరాలు, దూరం నుంచి కనపడేంత పెద్దవి. ప్రూఫ్ రెడీగా ఉంది. మ్యాటర్ ఇలా పెట్టాను:

"ఇవి బోరు నీళ్లు / కొళాయి నీళ్లు. బోరు ఉన్న ఊరు ______. లోతు ______ అడుగులు. శుద్ధికి ముందు టీడీఎస్ ______, తర్వాత ______. ఈ 20 లీటర్ల కోసం బయటికి వదిలినవి ______ లీటర్లు, అవి వెళ్లేది ______ లోకి. మా పైకప్పు నుంచి పోయిన ఏడాది భూమిలోకి పంపిన వాన నీళ్లు ______ లీటర్లు. ఈ టిన్ను వాడకం మొదలైన నెల ______. ఖాళీ టిన్ను ఎండలో పెట్టకండి."

ఖాళీలు పూరించి పంపండి. సాయంత్రం ఆరు తర్వాత షాపులోనే ఉంటాను.

ఇట్లు,
గవర్నర్‌పేట నుంచి మీ లేబుళ్లు చేసేవాడు